సుంకులమ్మకు మొక్కని మొక్కు

పుస్తకాల్లో వేరుశనగ అని రాస్తారు. మా ఆదోని తట్టు బుడ్డలు అంటాం. జొన్నరొట్టెలోకి బుడ్డల పొడి, వంకాయ కూరలోకి బుడ్డల పొడి, పండగొస్తే బుడ్డల ఓలిగలు, చుట్టం వస్తే దోసెడు వేయించిన బుడ్డలు, పిల్ల ఏడిస్తే బెల్లం ముక్కతో నాలుగు బుడ్డలు. అటువంటి ఊళ్ళో, ఆ పంటే పండించే ఇంట్లో, బుడ్డగింజ నోట పడితే ఊపిరాడని పిల్లగా నేను పుట్టాను. ఆ బరువు నాది కాదు, మా అమ్మ దేవక్కది. నాకిప్పుడు డెబ్భై దాటాయి. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ముందు కోపం వస్తుంది, ఆ తర్వాత ఒళ్ళంతా నీరసం కమ్ముతుంది.

మా అమ్మది హొళగుంద, కన్నడం మాట్లాడే తట్టు. పదహారో ఏట పెళ్ళయి, ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారి పక్కనున్న మా పల్లెకు వచ్చింది. కోపమొస్తే ఆమె నోట కన్నడం వచ్చేది. "బ్యాడ" అందంటే ఇక ఆ పని వద్దన్నట్టే, మా నాయన లక్ష్మప్ప కూడా మారు మాట్లాడేవాడు కాదు. మాకు నాలుగెకరాల ఎర్రనేల. అందులో బుడ్డలు తప్ప ఇంకొకటి పండదు. నేను పీర్ల పండగ రోజుల్లో పుట్టానని హుసేనమ్మ అని పేరు పెట్టారు. నా ముందు ఇద్దరు పుట్టి పోయారు. నేను మూడోదాన్ని, మిగిలినదాన్ని.

నాకు రెండేళ్ళప్పుడు మా అవ్వ, అంటే నాయన తల్లి భీమమ్మ, వేయించిన బుడ్డలు తాను నమిలి మెత్తగా చేసి నా నోట్లో పెట్టింది. పళ్ళు సరిగా రాని పిల్లలకు మా వైపు అట్లానే పెడతారు. కాసేపటికి నా పెదవులు ఉబ్బాయి, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. దద్దుర్లకు గొర్రెబొచ్చు కంబళితో రుద్దడం మాకు తెలిసిన వైద్యం. రుద్దారు. ఎవరి కన్ను పడిందోనని ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేశారు. పొద్దు గూకేలోపల దద్దుర్లు వాటంతట అవే తగ్గాయి. పేరు మాత్రం కంబళికి, మిరపకాయలకు వచ్చింది.

రెండోసారి రొట్టె మీద పొడి వేసి పెట్టినప్పుడు వచ్చింది. వాంతి కూడా అయింది. అప్పుడూ దిష్టే అన్నారు. మూడోసారి నేను బుడ్డలు తిననే లేదు. విత్తనానికని అమ్మ పొద్దంతా కాయలు ఒలిచి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, అదే చేత్తో నాకు మజ్జిగ సంగటి పెట్టింది. మూడు ముద్దలకే మూతి వాచింది.

మా అమ్మ బడి ముఖం చూడలేదు. అయినా ఆ రోజు ఆమె కూర్చుని ఒక్కొక్కటే వెనక్కి వెతుక్కుంది. మొదటిసారి ఏం తిన్నాను, రెండోసారి ఏం తిన్నాను, మూడోసారి ఉత్త సంగటి తింటే ఎందుకొచ్చింది? తన చేతివేళ్ళు వాసన చూసుకుంది. బుడ్డల వాసన. అంతే, ఆమెకు తెలిసిపోయింది.

తెలిసినంత తేలికగా చెప్పడం కుదరలేదు. ముందు అత్తకు చెప్పింది.

"అత్తా, పాపకు బుడ్డలు పడ్తలేవు. ఇంట్లో ఎవురూ పెట్టొద్దండి."

మా అవ్వ నవ్వింది. "మన సేన్లో పండిన పంట మన బిడ్డకు పడకుండా పోతాదా? నా మొగుడు తిన్నాడు, నా కొడుకు తిన్నాడు. ఇంత నోరు తెరిచి భూమితల్లిని తిట్టొద్దు దేవక్కా."

నాయన ఇంకో రకం. విన్నట్టే తల ఊపేవాడు, చేన్లోంచి వస్తూ పంచె మడతలో నాకోసం నాలుగు పచ్చికాయలు తెచ్చేవాడు. ఆయనకు నేనంటే ప్రాణం. ఆ ప్రేమే అమ్మ ప్రాణం తీసేది.

నన్ను ఎత్తుకుని అమ్మ ఆదోని పోయి డాక్టరుకు చూపించింది. ఆ పొద్దు నా ఒంటి మీద ఒక్క దద్దురు కూడా లేదు. ఆయన నాలుక చూసి, కడుపు నొక్కి, "ఏమీ లేదమ్మా, నులిపురుగులు" అని మందు రాసిచ్చాడు. ఆ మాట పట్టుకుని అవ్వ ఊరంతా చెప్పింది. ఆ తర్వాత, కొంచెం కొంచెం పెడితే అలవాటవుతుందని ఎవరో అంటే, అమ్మ నీళ్ళకు పోయినప్పుడు అవ్వ ఒక గింజలో సగం నా నాలుక మీద పెట్టింది. ఆ రోజు కళ్ళు కూడా మూసుకుపోయేంత వాపు వచ్చింది. నేను రెండు రోజులు లేవలేదు. అవ్వ నా పక్కనే కూర్చుని ఏడ్చింది, కానీ బుడ్డ పెట్టానని మాత్రం చెప్పలేదు. ఏళ్ళ తర్వాత చెప్పింది. నాకు కోపం వచ్చేది ఇందుకే. చెడ్డవాళ్ళ నుంచి పిల్లను కాపాడుకోవడం ఒక ఎత్తు. ప్రేమించేవాళ్ళ నుంచి కాపాడుకోవడానికి మా అమ్మ ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

ఇట్లా రెండేళ్ళు గడిచాయి. అమ్మ చెప్పడం, వాళ్ళు వినకపోవడం. ఇరుగమ్మ ఒకరోజు ఆమె ముఖం మీదే, "పిల్లకు తిండి పెట్టనీకి ఏడ్చే తల్లిని నిన్నే సూస్తాండా" అంది. అమ్మ చిక్కిపోయింది.

మా తాలూకాను బళ్ళారి జిల్లా నుంచి తీసి కర్నూలులో కలిపిన ఏడు, ఒక మంగళవారం పొద్దున నన్ను చంకనెత్తుకుని అమ్మ ఊరి బయటి సుంకులమ్మ గుడికి పోయింది. చేని గట్టు మీద సున్నం కొట్టిన చిన్న గుడి అది. తిరిగి వచ్చేటప్పటికి నా చేతికి పసుపుదారం ఉంది. వాకిట్లో నిలబడి అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"పాప బతకాలని సుంకులమ్మకు మొక్కుకున్నా. ఈ పిల్ల బుడ్డ ముట్టగూడదు. ముట్టినా, ఎవురైనా పెట్టినా, అమ్మవారు ఊరుకోదు."

అవ్వ చేతిలోని చేట కింద పెట్టి చెంపలు వేసుకుంది. "ఎన్నాళ్ళ మొక్కే?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు అమ్మ జవాబు తయారు చేసుకోలేదు. "అమ్మవారు సెప్పేదాకా" అనేసింది.

నిజానికి గుడిలో ఏ మొక్కూ మొక్కలేదు. దారం కట్టి, "తల్లీ, నీ పేరు వాడుకుంటాండా, తప్పయితే నన్ను అడుగు, పాపను అడగొద్దు" అని మాత్రం అనుకుని వచ్చిందట.

ఆ రోజుతో మా ఇల్లు మారిపోయింది. రెండేళ్ళు గొంతు పోయేలా చెప్పిన నిజానికి లేని విలువ ఒక్క అబద్ధానికి వచ్చింది. నాయన పంచె మడత ఖాళీగా రావడం మొదలుపెట్టింది. అవ్వ అందరికంటే నిష్ఠగా పాటించింది. పొడి దంచే రోలును దొడ్లోకి దొర్లించింది, నా గిన్నె వేరు చేసింది, బుడ్డలు ముట్టుకుంటే కాళ్ళూ చేతులూ కడుక్కుని గానీ నన్ను ఎత్తుకునేది కాదు. పెళ్ళిళ్ళలో "సుంకులమ్మ పిల్ల వచ్చింది" అని నాకు వేరుగా వడ్డించేవారు. బళ్ళో పిల్లలు జేబుల నిండా బుడ్డలు పెట్టుకుని కూడా నాకు ఒక్కటి ఇవ్వడానికి భయపడేవారు.

అమ్మకు సుఖం వచ్చిందా అంటే, రాలేదు. మొక్కుకు భయపడేది తెలిసినవాళ్ళు. తెలియని చుట్టాలు వస్తే? సంతలో ఎవరైనా పెడితే? నేను ఎక్కడికి పోయినా రొట్టె గుడ్డలో కట్టిచ్చేది. గానుగలో ఆడిన బుడ్డల నూనె మాని, హొళగుంద నుంచి కుసుమ నూనె తెచ్చి వండేది. కొత్తవాళ్ళు వస్తే వాళ్ళ చేతుల వైపే చూసేది. చేన్లో కాయలు కాల్చుకునే రోజుల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నేను ఏడుస్తుంటే ఏడవనిచ్చేది. నేను ఎన్నిసార్లు ఆమెను తిట్టానో. "నీ మొక్కు నువ్వు తినకుండ తీర్సుకో, నన్నెందుకు సంపుతావు" అన్నాను ఒకసారి. ఆమె కాయలు ఏరుతూనే ఉంది, తలెత్తలేదు.

అవ్వ మాత్రం ఏటా అడిగేది. "మొక్కు ఎప్పుడు తీరుస్తావు దేవక్కా? మొక్కు ముదిరితే ఇంటికి మంచిది గాదు." అమ్మ ఏదో ఒకటి చెప్పి దాటేసేది. ఈ ఏడు పంట రాలేదని ఒకసారి, పిల్లకు జ్వరమని ఒకసారి. నాలుగేళ్ళు దాటేసింది. నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా మా బర్రె చచ్చిపోయింది, వానలు ముందే వెళ్ళిపోయి చేను సగం ఎండింది. అవ్వ ఆ రెండింటినీ మొక్కు ఖాతాలోనే వేసింది. ఆమె నమ్మకం ఆమెది. పైగా తనకు వయసయింది, తాను పోయేలోపల మనవరాలిని ఆ బాధ నుంచి తప్పించాలని మనసులో పెట్టుకుంది.

మాఘమాసం. అమ్మ కూలికి పత్తి ఏరడానికి పోయింది. నాయన కాయల బస్తాలు వేసుకుని బండిలో ఆదోని పోయాడు. అవ్వ నాకు తలంటి, కొత్త పరికిణీ కట్టి, "ఈ పొద్దు నీ మొక్కు తీరుస్తాండాం, మీ అమ్మకు సెప్పొద్దు, ఆమె ఇంగా దాటేస్తాది" అంది. ఒక కోడి, బెల్లంలో కలిపిన బుడ్డలు ఒక గిన్నెడు, వీధిలోని నలుగురు ఆడవాళ్ళు, తప్పెట కొట్టే నరసన్న, అందరం సుంకులమ్మ గుడికి పోయాం. మా వైపు దేన్ని మానుకుంటామని మొక్కుతామో, మొక్కు తీరిన రోజు దాన్నే అమ్మవారి ముందు పెట్టి, మొదటి పిడికెడు మానుకున్నవాళ్ళ చేత తినిపిస్తారు.

నాకు ఎంత సంతోషమో చెప్పలేను. ఊళ్ళో అందరి నోట్లో నలిగేది నా నోటికి కూడా వస్తోంది. అవ్వ పిడికెడు తీసి నా నోట్లో పెట్టింది. బాగుంది. ఆ రుచి ఇప్పటికీ జ్ఞాపకముంది, సిగ్గులేకుండా చెబుతున్నాను, చాలా బాగుంది.

రెండో పిడికెడు నోట్లో ఉండగానే నాలుక దురద పెట్టింది. గొంతులో ఎవరో గుడ్డ కుక్కుతున్నట్టయింది. ఊగిపోయాను, గీపెట్టబోతే గొంతు మొద్దుగా, మగగొంతులా వచ్చింది. ఆడవాళ్ళు "అమ్మవారు వచ్చినాది, అమ్మవారు వచ్చినాది" అని చేతులు జోడించారు. అవ్వ నా కాళ్ళ మీద పడి, "ఏం కావాల తల్లీ, సెప్పు తల్లీ" అని అడుగుతోంది. నాకు గాలి కావాలి. ఆ మాట చెప్పడానికి గాలి లేదు.

తప్పెట ఆపింది నరసన్న. "భీమమ్మా, నేను ఎన్ని పూనకాలు సూసినా. ఇది పూనకం గాదు. మూతి సూడు, నీలంగా అయితాది. పిల్లకు ఊపిరాడ్తలేదు" అని అరిచి, తప్పెట అక్కడే పారేసి పత్తిచేనుకు పరుగెత్తాడు.

అమ్మ ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. ఒడిలోని పత్తి దారి పొడుగునా రాలిందట. వచ్చి గిన్నె చూసింది, అంతే, ఎవరినీ ఏమీ అడగలేదు. నన్ను భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరుగెత్తి, ఎమ్మిగనూరు నేతగాళ్ళకు నూలు బేళ్ళు తీసుకుపోతున్న లారీకి అడ్డం నిలబడింది. డ్రైవరు బూతులు తిట్టి ఆపాడట. నన్ను చూసి, ఆ తర్వాత ఎక్కడా ఆపలేదట.

ఎమ్మిగనూరులో ఒక పెద్ద డాక్టరు నా తొడకు సూది వేశాడు. అమ్మ నాకు చెప్పిన ప్రకారం, సూది వేసిన కొంతసేపటికి నా ఛాతీ లేవడం కనిపించింది. అప్పుడు డాక్టరు అడిగాడు, ఏం తినింది అని. అక్కడ అత్త లేదు, ఊరు లేదు. అమ్మ మొదటిసారి మొత్తం చెప్పింది. నమిలి పెట్టిన బుడ్డలు, పొడి, తన చేతి సంగటి, తాను నీళ్ళకు పోయిన రోజు అత్త పెట్టి ఉంటుందని తన అనుమానం, అన్నీ.

ఆయన అంతా విని, "నువ్వు కనిపెట్టిందే నిజమమ్మా" అన్నాడు. "కొందరి ఒంటికి అది విషమే. ఎంత తిన్నదని చూడొద్దు, చేతికి అంటుకున్నదైనా చాలు. పోయినసారి దద్దుర్లతో పోయింది కదా, ఈసారీ అట్లే పోతుందిలే అనుకోవద్దు. మేం సూది వేసి ఈ పూట బతికించగలం, తగ్గించలేం. నోట్లో పడకుండా చూసుకోవడమే మందు."

"బతికినన్నాళ్ళూనా సార్?" అని అడిగిందట అమ్మ.

"అట్లే అనుకో" అన్నాడట.

మూడో రోజు ఇంటికొచ్చాం. ఇంట్లో అవ్వ గాదె పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మేం పోయిన పొద్దు నుంచి నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. నన్ను చూసి చేతులు చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. "నా సేతి మొక్కు అమ్మవారు తోసేసినాది. నేను పాపిష్టిదాన్ని. నన్ను తాకొద్దు" అంది. నాయన బతిమాలాడు, ఇరుగుపొరుగు బతిమాలారు. గంజి గిన్నె పెడితే పెట్టినట్టే ఉండేది. అమ్మవారి కోపం చల్లార్చడానికి పొట్టేలును కొడదామని ఊళ్ళో పెద్దలు అనుకున్నారు. ఇక ఈ పిల్ల దరిదాపుల్లోకి బుడ్డ రాకూడదని, వచ్చిందంటే ఊరికే అరిష్టమని అందరూ ఒప్పుకున్నారు.

మా అమ్మకు ఇంతకంటే గట్టి కంచె ఏం కావాలి? నోరు మూసుకుని ఉంటే చాలు. ఈ ఊళ్ళో ఇక నాకు బుడ్డ పెట్టే మొనగాడు పుట్టడు. నోరు తెరిస్తే అబద్ధాలకోరు అవుతుంది, దేవత పేరు అమ్ముకున్నదవుతుంది, కంచె కూడా పోతుంది. కానీ నోరు తెరవకపోతే అత్త ఆ గోడ పక్కనే ఎండి పోతుంది. రెండు రోజులు అమ్మ ఇంట్లో పని చేస్తూ తిరిగింది. చేసిన పనే మళ్ళీ చేసేది, ఊడ్చిన చోటే ఊడ్చేది. మూడో పొద్దున పొరక మూలకు పెట్టి వచ్చి అవ్వ ముందు చతికిలబడింది. నేను మంచం మీద ఉన్నాను.

"అత్తా, అమ్మవారు నిన్నేమీ అనలేదు. నేను మొక్కనే లేదు."

అవ్వ ఆమె ముఖంలోకి చూసింది.

"మొక్కు అబద్దం. దారం నేనే కట్టినా. బుడ్డలు పాపకు పడవని రెండేండ్లు సెప్పినా. నువ్వు ఇనలేదు, నీ కొడుకు ఇనలేదు. అమ్మవారి పేరు సెప్తే ఆ పొద్దే ఇన్నారు. నేనింకేం జేయాల అత్తా? నాకు సేతగాలేదు."

 అవ్వ, "నాకొక్కదానికన్నా సెప్పింటే..." అని మొదలుపెట్టింది.

"సెప్పినా గదా."

"సెప్పినావు" అంది అవ్వ.

తిడుతుందని నేను దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. తిట్టలేదు. అప్పుడే చెప్పింది, ఆ సగం గింజ సంగతి. అమ్మ తల ఊపింది. చల్లారిన గంజి గిన్నె దగ్గరికి లాక్కుని అవ్వ నాలుగు గుక్కలు తాగింది. గోడ పట్టుకుని లేచి, చేతికర్ర తీసుకుని వాకిలి దాటింది. పడిపోతుందేమోనని అమ్మ నా చెయ్యి పట్టుకుని వెనకనే నడిచింది.

అవ్వ ఎదురింటి ఈశ్వరమ్మ గడప ముందు ఆగింది. ఆమె గుళ్ళో చేతులు జోడించిన నలుగురిలో ఒకతె.

"ఈశ్వరమ్మా, ఇను. అమ్మవారు గాదు, మొక్కు గాదు. బుడ్డ తింటే మా పిల్ల సచ్చిపోతాది. నా సేత్తో నేనే పెట్టినా, నా కండ్లతో నేనే సూసినా. నీ పిల్లోళ్ళకు సెప్పు."

"అంటే దేవక్క అమ్మవారి మీద అబద్దమాడినాదా?"

"ముందు రెండేండ్లు నిజమే సెప్పినాది. సెవుల్లేనిది నాకు" అంది అవ్వ. కర్ర ఎత్తి పక్కింటి వైపు నడిచింది. అక్కడా అదే మాట, నా సేత్తో నేనే పెట్టినా అని. ఆ పక్కింట్లోనూ అదే మాట. కొందరు నోరు నొక్కుకున్నారు, ఒకామె నవ్వింది కూడా. అవ్వ ఎవరినీ పట్టించుకోకుండా, కర్ర ఊతంతో, ఒక్కొక్క గడప ముందూ ఆగి తన తప్పు తానే చెప్పుకుంటూ వీధి చివరిదాకా పోయింది.

నాలుగో ఇంటి దగ్గర అమ్మ ఆగిపోయింది. ఎవరిదో అరుగు మీద కూలబడి ఏడ్చింది. లారీలో ఏడవలేదు, డాక్టరు ముందు ఏడవలేదు, అక్కడ వీధిలో, అందరూ చూస్తుండగా ఏడ్చింది. నేను భయపడి, "యాంటికమ్మా?" అని అడిగాను.

"ఇంగ నేనొక్కదాన్నే గాదు పాపా" అంది.